వెంటిలేటర్ పక్కన ఎవరుంటారు?

ప్రియమైన పాఠక మిత్రులకు,

పోయిన నెల షుగరు గురించి రాసిన ఉత్తరానికి చాలా జవాబులు వచ్చాయి. వాటిలో ఒకటి మాత్రం షుగరు ఊసే ఎత్తలేదు. తెనాలి నుంచి ఒకాయన రాశారు. వాళ్ళ నాన్నగారు న్యుమోనియాతో ఐసీయూలో ఉన్నన్నాళ్ళూ ఈయన బయట కుర్చీలో కూచున్నారట. రోజుకోసారి డాక్టరుగారు బయటికొచ్చి "కండిషన్ సీరియస్, ఇరవై నాలుగ్గంటలు గడవాలి" అని చెప్పి వెళ్ళేవారట. అదృష్టవశాత్తూ పెద్దాయన దక్కారు, ఇంటికొచ్చారు. "వెంటిలేటరే మా నాన్నని బతికించిందని అందరికీ చెబుతుంటాను. కానీ ఆ అద్దం తలుపు తెరుచుకున్నప్పుడల్లా నాకు కనబడింది ఆయన మంచం చుట్టూ ఏదో ఒకటి చేస్తూ తిరిగే సిస్టర్లు. వాళ్ళేం చేస్తున్నారో నాకెవరూ చెప్పలేదు. మీరు చెబుతారా?" అని అడిగారు.

సర్వీసంతా నర్సుగా ఆ తలుపు లోపలే గడిపి రిటైరైనదాన్ని. ఇన్నేళ్ళలో నన్ను ఈ ప్రశ్న ఇంత సూటిగా అడిగినవాళ్ళు లేరు. అందుకని ఈ నెల ఉత్తరం ఆయనకీ, ఆయనలాగే ఐసీయూ బయట కూచున్నవాళ్ళందరికీ.

ముందు జబ్బు సంగతి. ఏళ్ళ తరబడి సాగే ఊపిరితిత్తుల జబ్బులు వేరు. ఉబ్బసం, పొగతాగేవాళ్ళకొచ్చే సీఓపీడీ అలాంటివి. నేను చెప్పబోయేది గంటల్లో, రోజుల్లో ముంచుకొచ్చే వాటి గురించి. ముదిరిన న్యుమోనియా, ఒంట్లో ఇంకెక్కడో మొదలై రక్తానికెక్కిన ఇన్ఫెక్షన్, పాంక్రియాస్ వాపు, మత్తులో ఉన్నప్పుడు వాంతి ఊపిరితిత్తుల్లోకి దిగిపోవడం, ఇవన్నీ కారణాలే. మన ప్రాంతాల్లో వీటికి ఇంకొన్ని తోడవుతాయి. వానాకాలపు జ్వరాల్లో మలేరియా, లెప్టోస్పైరోసిస్, కంటికి ఆనని చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ ఉన్నాయి. పొలానికి తెచ్చిన పురుగుమందు తాగి వచ్చేవాళ్ళు ఉన్నారు. దారులు వేరైనా చివరికి జరిగేది ఒకటే. ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలిగదుల గోడలు దెబ్బతిని, పక్కనున్న రక్తనాళాల నుంచి నీరు ఊరి, గాలి ఉండాల్సిన చోట నీరు చేరుతుంది. 1967లో అమెరికాలోని డెన్వర్ డాక్టర్లు 12 మంది రోగుల వివరాలతో 'లాన్సెట్' పత్రికలో రాసినప్పటి నుంచి దీన్ని విడిగా గుర్తిస్తున్నారు. ఇప్పుడు ఏఆర్డీఎస్ అంటున్నాం.

న్యుమోనియాకి యాంటీబయాటిక్ ఉంది, మలేరియాకి మందుంది, కొందరికి స్టెరాయిడ్లు పనిచేస్తాయి. అయితే అలా నీరు చేరిన ఊపిరితిత్తిని నేరుగా బాగుచేసే మందంటూ ఇంతవరకు రాలేదు. మూలకారణానికి వైద్యం చేస్తూ, ఊపిరితిత్తులు వాటంతట అవి తేరుకునేదాకా మనిషిని నిలబెట్టుకోవాలి. వెంటిలేటర్ చేసేది ఆ గడువు సంపాదించడం. ఆ గడువులో రోగికి కొత్త దెబ్బ తగలకుండా కాచుకునే పని సిస్టర్లది. మిషను వల్ల కూడా దెబ్బ తగలొచ్చని గుర్తుపెట్టుకోండి, ఆ సంగతికి వస్తాను.

అసలు పని వెంటిలేటర్ దాకా రాకముందే, మామూలు వార్డులోనే మొదలవుతుంది. బీపీకి మిషనుంది, జ్వరానికి థర్మామీటరుంది, ఆక్సిజన్‌కి వేలికి పెట్టే క్లిప్పుంది. ఊపిరి లెక్కపెట్టడానికి మాత్రం గడియారం, రెండు కళ్ళు, ఒక నిమిషం ఓపిక కావాలి. "మీ ఊపిరి లెక్కపెడుతున్నానండీ" అని చెప్పామా, ఆ మనిషి సర్దుకుని కూచుని పద్ధతిగా పీలుస్తాడు, లెక్క తప్పుతుంది. అందుకే చెయ్యి తిరిగిన సిస్టరు నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, చూపు మాత్రం రోగి ఛాతీ మీద పెడుతుంది. పెద్దవాళ్ళకి నిమిషానికి 12 నుంచి 20 దాకా మామూలు. బ్రిటన్ ఆసుపత్రులు 2012 నుంచి వాడుతున్న హెచ్చరిక పట్టికలో ఊపిరి 25కి చేరితే, ఆ ఒక్క అంశానికే ఉన్న పూర్తి మూడు మార్కులూ పడతాయి. వెంటనే డాక్టరు వచ్చి చూడాలని దాని అర్థం. చాలామందికి బీపీ పడిపోవడానికి ముందే, కొన్ని గంటల ముందే, ఊపిరి వేగం పెరుగుతుంది.

మరి మన వార్డుల్లో చార్టులు చూశారా? మంచం మంచానికీ, పూట పూటకీ ఊపిరి గడిలో 20 అనే ఉంటుంది. నేను పనిచేసిన ఒక చోట ఒక పెద్దావిడ డొక్కలెగరేస్తూ, మాటకీ మాటకీ మధ్య ఆగిపోతూ ఉంటే ఆవిడ చార్టులోనూ 20 అనే రాసుంది. రాసిన అమ్మాయిని తిడితే ఏం లాభం? ఆ రాత్రి ఆ పిల్లకి వార్డు మొత్తం ఒక్కదాని మీదే పడింది. ఈ విషయం దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తాను.

తరవాతి మెట్టు ఆక్సిజన్. ముక్కులో పెట్టే సన్నటి గొట్టాలతో మొదలై, మాస్కు, సంచి ఉన్న మాస్కు, ముక్కులోకి వేడిగా, తేమగా, ధారగా గాలి పంపే హై ఫ్లో మిషను, ముఖానికి బిగించే బైపాప్, ఇలా పైకి వెళతాం. ఇక్కడ బంధువులతో మాకు వచ్చే పేచీలు రెండు. మొదటిది మానిటర్ మీది అంకె. 92 కనబడగానే "సిస్టర్, తగ్గిపోతోంది, ఆక్సిజన్ పెంచండి" అంటారు. కొందరు మేం అటు తిరగ్గానే గోడనున్న మీట తామే తిప్పేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఏఆర్డీఎస్ మీద జరిగిన పెద్ద అధ్యయనాల్లో పెట్టుకున్న లక్ష్యమే 88 నుంచి 95. సీఓపీడీ ఉన్నవాళ్ళకైతే 88 నుంచి 92 చాలు. వాళ్ళలో కొందరికి ఆక్సిజన్ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి జారుకుంటారు. నూటికి నూరు రావాలన్నది పరీక్షల్లో పిల్లలకి పెట్టే నియమం, ఇక్కడ పనికిరాదు.

రెండో పేచీ తిండి. "పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, నోరు ఎండిపోయింది" అని మాస్కు పక్కకి జరిపి కొబ్బరినీళ్ళు పట్టించేవాళ్ళని ఎంతమందిని చూశానో. ప్రేమే, కాదనను. కానీ నిమిషానికి 35 సార్లు ఎగఊపిరి తీసేవాడికి గుటక వేసే వ్యవధి ఎక్కడిది? ఆ నీళ్ళు కడుపులోకి బదులు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. ఆ పైన మాస్కు గాలిని బలంగా నెడుతుంటుంది. తడిపిన గాజుగుడ్డతో పెదవులు తుడవమని అడగండి, సిస్టరు చూపిస్తుంది. ముక్కు దూలం మీద బైపాప్ మాస్కు ఒరుసుకుని పుండు పడకుండా అక్కడ మెత్తటి పట్టీ వేశారో లేదో కూడా మీరు చూడొచ్చు. అది తప్పకుండా అడగదగ్గ ప్రశ్నే.

ఇప్పుడు వెంటిలేటర్. "వెంటిలేటర్ మీద పెట్టారంటే ఇక అంతే" అన్న మాట మన ఊళ్ళలో పాతుకుపోయింది. దక్కనివాళ్ళు ఉన్నారు, దాచను. ఇంటికి నడిచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ సంగతి ఎవరూ చెప్పుకోరు. ఆ రెంటి మధ్య తేడా తెచ్చేవాటిలో ఒకటి చెబితే మీరు నవ్వుతారు: టైలర్లు వాడే టేపు.

ఏఆర్డీఎస్ వచ్చిన ఊపిరితిత్తి పేరుకి పెద్దదే గాని, గాలి ఆడే భాగం ఐదారేళ్ళ పిల్లవాడి ఊపిరితిత్తంతే మిగులుతుందని ఇటలీ డాక్టరు లూసియానో గాటినోని స్కానుల్లో చూపించారు. అంత చిన్న జాగాలోకి పెద్దమనిషికి పంపేంత గాలి నెడితే మిగిలిన ఆ కాస్తా చిరుగుతుంది. మిషను వల్ల తగిలే దెబ్బ ఇదే. 2000లో అమెరికాలో 861 మందితో జరిగిన అధ్యయనంలో, కిలోకి 12 మిల్లీలీటర్ల చొప్పున గాలి పంపిన పాత పద్ధతిలో దాదాపు 40 శాతం మంది పోయారు. 6 మిల్లీలీటర్ల చొప్పున పంపినవాళ్ళలో 31 శాతం. కొత్త మందు లేదు, కొత్త మిషను లేదు, పంపే గాలి తగ్గించారంతే.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ కిలో త్రాసు చూపించే కిలో కాదు. మనిషి లావైతే ఊపిరితిత్తులు పెరగవు. అవి ఎత్తుని బట్టే ఉంటాయి. 150 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువు ఉన్న మన ఇంటి పెద్దమ్మని తీసుకోండి. త్రాసు ప్రకారం లెక్కేస్తే ఊపిరికి 420 మిల్లీలీటర్లు. ఎత్తు ప్రకారం ఆవిడ లెక్కబరువు 43 కిలోలే, పంపాల్సింది 260. పొట్టిగా, కాస్త ఒళ్ళున్న ఆడవాళ్ళకే ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. ఎత్తెంతని బంధువుల్ని అడిగితే "మధ్యరకం అండీ" అంటారు. అందుకే మోకాళ్ళు చాపి, మడమ నుంచి మాడు దాకా టేపు పెట్టి సిస్టరు కొలుస్తుంది. ఆ అంకెని మంచం తలాపి దగ్గర పెద్దక్షరాలతో రాసి అతికిస్తుంది, తరవాత డ్యూటీకి వచ్చే డాక్టరు అంచనా మీద పోకుండా.

గొట్టం గొంతులోకి దిగాక చూసుకోవాల్సినవి పైకి చిన్నవిగా కనబడతాయి. గొట్టం మీద సెంటీమీటర్ల గుర్తులుంటాయి. పెదవి దగ్గర 21 ఉందా, 22 ఉందా అని ప్రతి డ్యూటీలోనూ చూసి రాసుకోవాలి. రెండు సెంటీమీటర్లు లోపలికి జారితే గాలంతా కుడి ఊపిరితిత్తికే పోవచ్చు. బయటికి జారితే గొట్టమే ఊడొచ్చు. గొట్టం చివర ఉబ్బే చిన్న బుడగ ఒకటుంటుంది. అది వదులైతే నోటిలో చేరిన లాలాజలం దిగువకి కారుతుంది. బిగుతైతే గొంతునాళం లోపొర నలుగుతుంది. దాని ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటిమట్టం మధ్య ఉండాలి. మేం చేరిన కొత్తలో బయటి బెలూన్ని వేళ్ళతో నొక్కి "సరిపోయింది" అనేవాళ్ళం. ఇప్పుడు దానికి చిన్న మీటరుంది, వాడాలి.

సక్షన్ గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే అద్దంలోంచి చూసి చాలామంది భయపడేది దీనికే. గొట్టం వేశాక మనిషి గట్టిగా దగ్గలేడు, గళ్ళ బయటికి రాదు. దాన్ని లాగాలి. గంటకోసారి లెక్కప్రకారం లాగెయ్యడం పాత పద్ధతి. ఇప్పుడు సిస్టరు ముందు ఛాతీ మీద అరచెయ్యి ఆనిస్తుంది. లోపల గరగర తగులుతుందేమో చూస్తుంది. వెంటిలేటర్ తెర మీద నున్నగా సాగే గీత రంపపు పళ్ళలా మారిందా అని చూస్తుంది. అవసరమనుకుంటే అరనిమిషం పైగా పూర్తి ఆక్సిజన్ ఇచ్చి, అప్పుడు సన్నటి గొట్టం లోపలికి పంపి, లాగుతూ వెనక్కి తీస్తుంది. మొత్తం 15 సెకన్లు దాటకూడదు. మా టీచరు ఒక కిటుకు చెప్పేవారు: మొదలుపెట్టగానే నీ ఊపిరి నువ్వు బిగపట్టు, నీకు ఉక్కిరిబిక్కిరైతే వాడికి ఎప్పుడో అయిందని తెలుసుకో. నేనూ నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలకి అదే చెప్పాను. ఏఆర్డీఎస్ రోగికి ఇంకో జాగ్రత్త: వెంటిలేటర్ గొట్టాన్ని విడదీశామంటే, రోజంతా ఒత్తిడి పెట్టి తెరిచి ఉంచిన గాలిగదులు క్షణాల్లో మూసుకుపోతాయి. అందుకే విడదీయకుండానే సక్షన్ చేసే మూసి ఉన్న గొట్టాలు వాడతాం.

నోరు తోమడం సంగతి కూడా ఇక్కడే. స్పృహలేనివాడికి పళ్ళు తోమడమేమిటని నవ్విన హౌస్‌సర్జన్లు ఉన్నారు. పంటి పాచిలో పెరిగిన సూక్ష్మజీవులే లాలాజలంతో జారి కొత్త న్యుమోనియా తెస్తాయి. 2023లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, వెంటిలేటర్ మీదున్నవాళ్ళకి బ్రష్షుతో పళ్ళు తోమితే న్యుమోనియాలూ తగ్గాయి, ఐసీయూ మరణాలూ తగ్గాయి అని తేల్చింది. పది, ఇరవై రూపాయల బ్రష్షు!

బోర్లా పడుకోబెట్టడం గురించి కోవిడ్ రోజుల్లో అందరూ విన్నారు. వెల్లకిలా పడుకుంటే గుండె బరువూ, నీరు చేరిన ఊపిరితిత్తి బరువూ వీపు వైపు భాగాన్ని నొక్కేస్తాయి. ఊపిరితిత్తుల్లో పెద్ద భాగం అక్కడే ఉంటుంది. బోర్లా తిప్పితే ఆ భాగం విచ్చుకుంటుంది. ఫ్రాన్సు డాక్టరు క్లోద్ గెరాన్ నాయకత్వాన జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, తీవ్రంగా జబ్బుపడిన 466 మందిలో సగం మందిని రోజూ 16 గంటలకి తగ్గకుండా బోర్లా ఉంచారు. 28 రోజుల్లో వాళ్ళలో 16 శాతం మంది పోయారు. వెల్లకిలా ఉంచినవాళ్ళలో 32.8 శాతం. ఏఆర్డీఎస్‌లో ఇంత తేడా చూపించిన చికిత్సలు అరుదు. ఒక విషయం మాత్రం ఎవరూ ఎత్తి చెప్పరు. ఆ అధ్యయనంలో చేరిన ఐసీయూలన్నీ అప్పటికే ఐదేళ్ళకు పైగా రోజువారీగా ఈ పని చేస్తున్నవి. అంటే ఆ ఫలితంలో చేతులకున్న అలవాటు కూడా కలిసి ఉంది.

అలవాటు ఎందుకంటారా? మనిషిని తిప్పడమంటే పక్క మీద దొర్లించడం కాదు. ఒకరు తలాపి దగ్గర నిలబడి తలనీ, గొట్టాన్నీ రెండు చేతులతో పట్టుకుంటారు. లెక్క వాళ్ళే చెప్పాలి, మిగతావాళ్ళు వాళ్ళ మాటకే కదలాలి. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. అంతకుముందే ముక్కులోంచి వెళ్ళే ఆహారం ఆపి, కడుపులో ఉన్నది లాగేస్తాం. కళ్ళలో మందు రాసి రెప్పలు మూసి టేపు వేస్తాం, లేకపోతే కంటిపాప ఒరుసుకుంటుంది. ఛాతీ మీది ఈసీజీ బిళ్ళలు తీసి వీపుకి అంటిస్తాం. మెడలో, చేతిలో, మూత్రానికి ఉన్న గొట్టాలన్నీ ఏ పక్కకి పోవాలో ముందే సర్దుకుంటాం. తిప్పాక నుదురు, చెంప, గడ్డం, రొమ్ములు, మోకాళ్ళు, ఇవి ఒత్తుకోకుండా మెత్తలు పెట్టాలి. ఈతకొట్టేవాడిలా ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి పెట్టి, రెండు గంటలకోసారి తలా చేతులూ మార్చాలి. నిర్లక్ష్యం చేస్తే బతికి బయటపడ్డ మనిషి చెంప మీద జీవితాంతం మచ్చ ఉండిపోతుంది.

2021 ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారం ఆక్సిజన్ నింపుకున్న ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్రకి బయలుదేరిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ అది, మనందరం గర్వపడ్డాం. ఆ రోజుల్లోనే ఐసీయూల్లో కొత్త వెంటిలేటర్లు, వాడే చేతులు లేక, అట్టపెట్టెల్లోనే ఉండటం నేను చూశాను. ఆక్సిజన్ రైలెక్కి వచ్చింది; మనిషిని బోర్లా తిప్పడం వచ్చిన ఐదుగురు సిస్టర్లని ఏ రైలు తెస్తుంది?

సెలైన్ సంగతి మర్చిపోతానేమో. "ఒక్క బాటిల్ కూడా ఎక్కించలేదండీ, మనిషి నీరసపడిపోడూ?" అని బయట గొడవ చేస్తారు. సెలైన్ అంటే బలమని మనవాళ్ళ నమ్మకం. ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతున్నవాడికి బీపీ నిలబడ్డాక అనవసరంగా ఎక్కించిన ప్రతి బాటిలూ ఆ నీటికి తోడే. 2006లో అమెరికాలో 1000 మంది రోగులతో చేసిన అధ్యయనంలో నీళ్ళు పొదుపుగా ఇచ్చినవాళ్ళు వెంటిలేటర్ నుంచి త్వరగా బయటపడ్డారు. కాబట్టి సిస్టరు మూత్రపు సంచి దగ్గర వంగి మిల్లీలీటర్లు చదువుతూ, ఇంజెక్షన్లో కలిపిన నీళ్ళు కూడా కాగితం మీద కూడుతూ ఉంటే విసుక్కోకండి.

ఇక మత్తు. మనిషిని పూర్తిగా నిద్రపుచ్చి ఉంచితే అందరికీ సుఖమే, మాకు కూడా. కాని మత్తు ఎక్కువైనకొద్దీ వెంటిలేటర్ మీది రోజులు పెరుగుతాయి. 2000లో షికాగో డాక్టర్లు రోజూ ఒకసారి మత్తు ఆపి మెలకువ తెప్పించి చూశారు. అలా చేసినవాళ్ళు ఐదు రోజుల్లోపే వెంటిలేటర్ నుంచి బయటపడితే, చెయ్యనివాళ్ళకి ఏడు రోజులు దాటింది. చెప్పడానికి తేలిక. గొంతులో గొట్టంతో, ఎక్కడున్నాడో తెలియక కళ్ళు తెరిచిన మనిషి మొదట చేసే పని ఆ గొట్టం పీకబోవడం. ఆ క్షణంలో పక్కన ఎవరో ఒకరు ఉండి చెయ్యి పట్టుకుని, "పెద్దాయనా, మీరు ఆసుపత్రిలో ఉన్నారు. గొట్టం ఉంది కాబట్టి మాట రాదు, గొంతు బాగానే ఉంది. మీ అబ్బాయి బయటే ఉన్నాడు" అని చెప్పాలి. ఒక్కసారి చెబితే చాలదు, అరగంటకోసారి చెప్పాలి. చెప్పే మనిషి లేనప్పుడు చేతులు కట్టేస్తారు. కట్టేసిన చేతులు చూసి మీరు ఏడుస్తారు. కొన్నిసార్లు తప్పదు, ఒప్పుకుంటాను. చాలాసార్లు అది మనుషులు చాలకపోవడం వల్ల చేసే పనే.

హైదరాబాదు, విశాఖ ఐసీయూల్లో కేరళ నుంచి వచ్చిన అమ్మాయిలు ఎంతోమంది ఉంటారు. వాళ్ళకి ముందు వచ్చే తెలుగు మాటలు "నొప్పా?", "దగ్గండి", "భయం లేదు". శ్రీకాకుళం యాసలో గొణిగే తాతగారికి ఆ మూడు మాటలు చాలవు. అందుకే మీరు లోపలికొచ్చినప్పుడు మాట్లాడండి. వినబడదేమో అనుకోకండి. ఆయనకి చెవి మిషనుంటే తెచ్చివ్వండి, కళ్ళజోడు తెచ్చివ్వండి. ఇంట్లో ఆయన్ని ఏమని పిలుస్తారో సిస్టరుకి చెప్పండి. వేసుకునే మందుల చీటీ, ఎత్తు, కట్టుడు పళ్ళు ఉన్నాయా లేవా, ఇవి ఒక కాగితం మీద రాసివ్వండి. మెలకువొచ్చాక "ఏమైంది నాకు?" అని వెతుక్కునే రోగుల కోసం స్కాండినేవియా దేశాల్లో సిస్టర్లు రోజువారీ డైరీ రాసిపెడతారు. ఇంటికెళ్ళాక కూడా పీడకలలు వచ్చేవాళ్ళకి, ఏది నిజంగా జరిగిందో తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. ఆ డైరీ మీరూ రాయొచ్చు, బయట కుర్చీలో కూచుని.

మంచం పక్కన మనిషి ఉండాలన్న మాట వచ్చింది కాబట్టి కోపెన్‌హాగెన్ కథ చెప్పకుండా ఉండలేను. 1952లో అక్కడ పోలియో విరుచుకుపడింది. పోలియోలో ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. బ్లెగ్డామ్ ఆసుపత్రిలో ఉన్నది ఒక పెద్ద ఇనుప ఊపిరి యంత్రం, ఛాతీకి బిగించేవి ఆరు. రోగులు పదుల్లో వచ్చిపడుతున్నారు. ఆగస్టు 27న మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ పన్నెండేళ్ళ వివి ఎబర్ట్ అనే పిల్లకి గొంతు కింద రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచి చేత్తో నొక్కుతూ ఊపిరి పోశాడు. పిల్ల నిలబడింది. ఆ తరవాత నెలల తరబడి సుమారు 1500 మంది వైద్య, దంతవైద్య విద్యార్థులు వంతులవారీగా మంచం పక్కన కూచుని సంచి నొక్కారు. నర్సులు సక్షన్, పక్కలు మార్చడం, ఆహారం, కాపలా అన్నీ చూసుకున్నారు. అంతకుముందు పదిమందిలో ఎనిమిది, తొమ్మిదిమంది పోయేచోట సగానికి పైగా బతకడం మొదలైంది. ఈ రోజుటి ఐసీయూ పుట్టింది ఆ వార్డులోనే. మిషను తరవాత వచ్చింది. ప్రతి మంచం పక్కనా ఎప్పుడూ ఒక మనిషి ఉండాలన్న పద్ధతి ముందు వచ్చింది.

ఆ పద్ధతిని మనం ఎక్కడ వదిలేశామో చూడండి. వెంటిలేటర్ మీదున్న రోగి ఒకరికి సిస్టరు ఒకరు ఉండాలన్నది పుస్తకాల్లో రాసుకున్న లెక్క. రాత్రి డ్యూటీలో ఒక సిస్టరు ముగ్గురిని, నలుగురిని చూసుకోవడం నాకు తెలిసిన మామూలు. నలుగురిలో ఒకరికి సక్షన్ చేస్తుంటే ఇంకొకరికి మెలకువొస్తుంది, మూడోవాడి అలారం మోగుతుంది, నాలుగోవాడి నోరు తోమడం తెల్లారేదాకా పడదు. ఐరోపాలో తొమ్మిది దేశాల్లో 300 ఆసుపత్రుల మీద చేసి 2014లో లాన్సెట్‌లో వేసిన అధ్యయనం, ఆపరేషన్ అయిన రోగుల్లో, ఒక్కో నర్సుకి ఒక్క రోగి పెరిగితే చావు అవకాశం 7 శాతం పెరుగుతుందని లెక్కగట్టింది. ఐసీయూలో రోగికి అవసరాలు ఇంకా ఎక్కువ. అయినా కొత్త ఆసుపత్రి తెరిచినప్పుడు ప్రకటనలో వెంటిలేటర్ల సంఖ్య వేస్తారే గాని, సిస్టర్ల సంఖ్య వేసినవాళ్ళని నేను చూడలేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అవుట్‌సోర్సింగ్ జీతాల మీద, ప్రైవేటులో అంతకంటే తక్కువకి, పని వచ్చిన అమ్మాయిలు రెండేళ్ళు నేర్చుకుని గల్ఫ్‌కీ, బ్రిటన్‌కీ వెళ్ళిపోతున్నారు. వాళ్ళని తప్పుపట్టను. నేనైనా అదే చేసేదాన్నేమో.

తెనాలి మిత్రమా, మీ నాన్నగారి మంచం చుట్టూ సిస్టర్లు తిరుగుతూ కనబడ్డారంటే అక్కడ మనుషులున్నారు. ఆయన అదృష్టంలో అదొక భాగం. మిగతా పాఠకులకి నాదొక విన్నపం. మీ వాళ్ళెవరికైనా ఇలాంటి అవసరం వచ్చి, నిలబడి ఆసుపత్రి ఎంచుకునే వ్యవధి దొరికితే, ఎన్ని వెంటిలేటర్లున్నాయని అడగడంతో ఆగకండి. రాత్రి పది దాటాక ఒక్కో సిస్టరుకి ఎంతమంది రోగులో అడగండి. జవాబు చెప్పలేకపోతే మళ్ళీ అడగండి.

ఉంటాను.

మీ
సిస్టరమ్మ